మొలాసిస్‌ను తెలుగులో ఏమనాలి?

సందేహం: అమెరికాలో ఉన్న మా అమ్మాయి అల్లం కేకు తయారీని తెలుగులో రాస్తూ ‘మొలాసిస్’ అన్న మాట దగ్గర ఆగిపోయింది. ‘బెల్లపు పాకం’ అనవచ్చని ఒకరు చెప్పారు. పత్రికల్లో ‘చెరుకు మడ్డి’ అని చదివాను. రెండూ ఒకటేనా? ఏది వాడాలి? అన్నట్టు, చెరుకా, చెరకా?

సమాధానం: ముందు చిన్నది తేల్చేద్దాం. పాత రూపం బండి ఱతో ‘చెఱకు’. కవులు మన్మథుణ్ని చెఱకువిల్తుడన్నది ఈ రూపంతోనే. బండి ఱ వాడుక తగ్గాక ‘చెరకు’ నిలిచింది. మాట్లాడేటప్పుడు చివరి ఉకారం నడిమి అచ్చును తన వైపు లాక్కుంటుంది కాబట్టి నోట ‘చెరుకు’ అవుతుంది. నేను చెరకు అనే రాస్తాను. చెరుకు అని రాసినవారిని తప్పుపట్టను.

ఇక అసలు సంగతి. మొలాసిస్ అంటే చెరకు రసంలోంచి చక్కెర తీయగా మిగిలే నల్లని ద్రవం. పాకమూ మడ్డీ ఒకటి కావు. పైగా ఆ రెండిట్లో ఏదీ మొలాసిస్‌కు పూర్తిగా అతకదు.

పాకమంటే ఉడుకుతూ చిక్కబడుతున్నది. అనకాపల్లి వైపు బెల్లం వండేచోట కాసేపు నిలబడితే ఈ మాట అర్థం కళ్లకు కడుతుంది. గానుగాడిన రసాన్ని వెడల్పాటి పెనంలో పోసి, కాస్త సున్నం కలిపి, పైకి తేలిన తెట్టు తీసేస్తూ మరగబెడతారు. రసం రంగు మారి, నురగ తగ్గి, తేనెలా సాగే వేళకు వండే మనిషి గరిటెతో రవ్వంత తీసి చల్లనీళ్లలో వేస్తాడు. వేళ్ల మధ్య ఉండ కట్టిందా, పెనం దించేయమంటాడు. అరిసెలు వండే రోజున మన ఇళ్లలో పళ్లెంలో నీళ్లు పోసుకుని చేసే పరీక్ష ఇదే. లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం అని ఒక్కో అదనుకూ ఒక్కో పేరు పెట్టుకున్న జాతి మనది. పాకం గారెలకు సరిపడే పాకంతో జీళ్లు రావని పిల్లలకు కూడా తెలుసు. అయితే ఈ పాకాలన్నిటిలోనూ రసంలోని తీపి రసంలోనే ఉంది. దాన్ని ఎవరూ విడదీయలేదు.

మొలాసిస్ పుట్టేది ఆ విడదీసిన చోట. చక్కెర మిల్లులో శుద్ధి చేసిన రసాన్ని చిక్కబరిచి, గాలి తీసేసిన పెద్ద పాత్రల్లో పలుకు కట్టిస్తారు. పలుకూ ద్రవమూ కలిసిన ఆ ముద్దను గిర్రున తిరిగే జల్లెడ బుట్టల్లో వేస్తే పలుకు లోపల నిలిచిపోతుంది, నల్లని ద్రవం కన్నాల్లోంచి బయటికి పోతుంది. ఆ ద్రవాన్నే మళ్లీ మరిగించి మళ్లీ చక్కెర తీస్తారు. మామూలుగా మూడు విడతలయ్యాక ఇక తీయడం గిట్టుబాటు కాదు. అప్పుడు మిగిలేదే ఆఖరి మొలాసిస్. టన్ను చెరకుకు చక్కెర సుమారు 100 కిలోలు వస్తే, ఇది 40 నుంచి 45 కిలోలు వస్తుంది. బెల్లంలో ఈ నలుపూ ఈ వగరూ అన్నీ లోపలే ఉండిపోతాయి, దాని రంగూ రుచీ అందువల్లనే. తీపిని విడదీయకుండా మొత్తంగా దిమ్మ పోసుకున్న మనకు, విడదీయగా మిగిలినదానికి పేరు పెట్టే అవసరం పడలేదు. ఇది మన భాషలో లోటని నేను అనుకోను.

మరి మడ్డి? నూనె మడ్డిని తలుచుకోండి. అడుక్కి దిగి పేరుకున్నది మడ్డి. మొలాసిస్ అడుక్కి దిగదు, కారిపోతుంది. పనికొచ్చేది తీసుకోగా మిగిలింది అన్న అర్థంలో పత్రికలవారు మడ్డి అన్నారు, అంతవరకు ఒప్పుకోవచ్చు. నా అభ్యంతరం వేరే. మిల్లులో రసాన్ని వడపోసినప్పుడు మట్టిలాంటి పదార్థం ఒకటి మిగులుతుంది. ప్రెస్‌మడ్ అంటారు, పొలాలకు ఎరువుగా తోలుతారు. దాన్ని కూడా చెరకు మడ్డి అంటున్నారు. ఒకటి ట్యాంకర్లో డిస్టిలరీకి పోయేది, ఇంకొకటి ట్రాక్టరులో చేనికి పోయేది. రెండిటికీ ఒకే పేరైతే చదివే రైతు ఏమనుకోవాలి?

సంస్కృతంలోని ‘ఫాణితం’ తెచ్చి పెడదామనేవారున్నారు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో చెరకు రసంతో చేసే పదార్థాలు ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని వరుసగా ఉంటాయి. అమరకోశం కూడా మత్స్యండినీ ఫాణితాన్నీ పక్కపక్కన చెప్పింది. కానీ ఫాణితమంటే కాచి చిక్కబరిచిన చెరకురసం, అంటే మన పాకమే. చక్కెర తీసేసిన ద్రవం కాదు. పాత నాటు పద్ధతిలో ఖండసారి చక్కెర చేసిన ఉత్తరాదివారికి మాత్రం కారిన ద్రవాన్ని వేరుగా చెప్పాల్సి వచ్చింది, ‘శీరా’ అన్నారు. ఉత్తరప్రదేశ్‌లో 1964లో చేసిన చట్టం పేరులోనే శీరా ఉంది.

ఇంగ్లీషు మాట పోర్చుగీసు ‘మెలాసు’ నుంచి వచ్చింది, దాని మూలం లాటిన్‌లో తేనెకున్న పేరు. కరీబియన్ దీవుల చెరకు తోటల్లో, అడుగున కన్నమున్న మట్టి పాత్రల్లో చక్కెర పోసి, బానిసల చేత ఆ ద్రవాన్ని కార్పించేవారు. అది అమెరికా ఈశాన్య తీరానికి పీపాలతో చేరి రమ్ అయింది, పేదవాడి తీపీ అయింది. అమెరికాలోని తన వలసలకు పరాయి దేశాల వలసల నుంచి వచ్చే మొలాసిస్ మీద బ్రిటన్ 1733లో గాలనుకు ఆరు పెన్నీల సుంకం వేసింది. అక్కడి అల్లం కేకులోకీ, బోస్టన్‌వారి ఉడికించిన చిక్కుడు గింజల్లోకీ మొలాసిస్ వచ్చింది ఆ దారినే.

అందుకని మీ అమ్మాయిని ‘మొలాసిస్’ అనే రాయమనండి. పాతర గడ్డిలో, అంటే పశువులకోసం మాగబెట్టే పచ్చిమేతలో, దాన్ని కలుపుకునే మన పాడి రైతులకు ఆ మాట ఇప్పటికే వచ్చు. చివర ‘స్’ ఉన్నా అది ఏకవచనమే, ‘మొలాసిస్‌లు’ అనకూడదు. మొదటిసారి వాడినచోట ‘చెరకు రసంలోంచి చక్కెర తీయగా మిగిలే నల్లని చిక్కటి ద్రవం’ అని ఒక ముక్క చేరిస్తే చాలు. ఇక్కడివాళ్లు అది దొరక్క ముదురు రంగు బెల్లం పాకం వేసుకోవచ్చని కూడా రాయమనండి. కాకపోతే మొలాసిస్‌కు కొంచెం పులుపు గుణం ఉంది, వంటసోడాతో కలిసి కేకును పొంగించేది అదే. బెల్లం పాకం వేసేవాళ్లు పిండిలో రెండు చెంచాల పుల్లని మజ్జిగ కలుపుకోవాలి.