వాలులో బండి ఆపేటప్పుడు

ప్రశ్న: వాలు రోడ్డు మీద సైడ్ స్టాండ్ వేసి ఆపిన మోటార్‌సైకిల్ రెండుసార్లు పక్కకు పడిపోయింది. స్టాండ్ మార్చాలా?

జవాబు: ముందు ఆపే దిశ మార్చి చూడండి. సైడ్ స్టాండ్ వెనక్కి మడుచుకుంటుంది. బండి ముఖం పల్లం వైపు ఉంటే, కాస్త ముందుకు కదిలినా స్టాండ్ మడత పడి బండి ఒరిగిపోతుంది. అందుకే ముందు చక్రం ఎత్తు వైపు ఉండాలి. ఇంజిన్ ఆపి, మొదటి గేరు వేసి, క్లచ్ వదిలి, చక్రం బిగుసుకునే దాకా బండిని నెమ్మదిగా వెనక్కి జారనివ్వండి. తర్వాతే స్టాండ్ వేసి, హ్యాండిల్ ఎడమకు తిప్పి తాళం వేయండి. న్యూట్రల్‌లో మాత్రం వదలొద్దు. చాలామంది చేసే తప్పు ఇదే.

వాలుకు అడ్డంగా ఆపకపోవడమే మంచిది. ఎడమ వైపు ఎత్తుగా ఉంటే బండి మరీ నిటారుగా నిలిచి, చిన్న తోపుకే కుడి వైపు పడుతుంది.

ఎండకు మెత్తబడిన తారులోనూ, తడి మట్టిలోనూ స్టాండ్ కాలు దిగబడుతుంది. కింద అరచేయంత చెక్కముక్క పెట్టండి. ఇన్ని చేసినా ఒరుగుతుంటే స్టాండ్ బోల్టు, స్ప్రింగ్ వదులయ్యాయేమో మెకానిక్‌కు చూపించండి.