జనరేటర్ ఒక్కటే, బుకింగులు రెండు

ప్రశ్న: మేడం గారూ, మాకు జనగామలో టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, ఒక పెద్ద జనరేటర్ కిరాయికి ఇస్తాం. బుకింగులు వాట్సాప్‌లో, ఫోన్లో వస్తాయి. నేను, మా తమ్ముడు, గోడౌన్ చూసుకునే అబ్బాయి ముగ్గురం గూగుల్ షీట్‌లో రాసుకుంటాం. మొన్న లగ్గాల సీజన్‌లో ఒకే రోజుకు జనరేటర్ ఇద్దరికి ఒప్పుకున్నాం, పెద్ద లొల్లి అయింది. ‘ఎన్8ఎన్ పెట్టుకో మామా, అన్నీ ఆటోమేటిక్ అయిపోతాయి’ అంటాడు మా అల్లుడు. మా తమ్ముడి కొడుకు ఇంజినీరింగ్ మూడో ఏడు. వాడేమో ‘సొంత సర్వర్‌లో సూపాబేస్ పెడదాం పెద్దబాపూ’ అంటున్నాడు. ఏది పెట్టుకోవాలి?
— టెంట్ హౌస్ యజమాని, జనగామ

జవాబు: ఇద్దరు పిల్లలూ తెలివైనవాళ్లే. కాకపోతే ఇద్దరూ చెబుతున్నది వేర్వేరు పనుల గురించి. ఎన్8ఎన్ కబురు మోసే మనిషి లాంటిది. ఇక్కడ డబ్బు పడింది, అక్కడ మెసేజ్ పంపు, ఇంకోచోట రాసిపెట్టు అంటే చేస్తుంది. సూపాబేస్ లాంటివి లెక్క ఉండే చోటు, అంటే డేటాబేస్. మీకు లొల్లి అయింది కబురు అందక కాదు కదా. ఇద్దరు పార్టీలకూ కబురు చక్కగానే అందింది, అదే బాధ.

ఇప్పుడు అదే షీట్ మీద ఎన్8ఎన్ పెట్టారనుకుందాం. రఘునాథపల్లి పార్టీ, స్టేషన్ ఘన్‌పూర్ పార్టీ ఒకే నిమిషంలో ఫారం నింపారు. రెండు ఫ్లోలు (ఎన్8ఎన్‌లో వరుసగా జరగాలని కట్టిపెట్టిన పనులు) పక్కపక్కనే నడుస్తాయి. మొదటిది షీట్ చదివి ఆ తేదీ ఖాళీ అనుకుంటుంది. అది రాసే లోపే రెండోది చదువుతుంది, దానికీ ఖాళీగానే కనిపిస్తుంది. ఇద్దరికీ ‘బుకింగ్ కన్ఫర్మ్’ అని వెళ్లిపోతుంది. ఇన్నాళ్లూ మీరూ తమ్ముడూ కలిసి చేసిన తప్పును ఇకపై కంప్యూటర్ చేస్తుంది, మీకంటే చాలా వేగంగా. అందుకే మీ అల్లుడి మాట ఇప్పుడే వద్దంటున్నాను. ఎన్8ఎన్‌లోనే డేటా టేబుల్స్ అని వచ్చాయి కదా అని ఆయన అనొచ్చు. ఫ్లోకు కావలసిన చిన్నచిన్న గుర్తులు పెట్టుకోవడానికి అవి బాగానే ఉంటాయి. మీ గోడౌన్ మొత్తాన్ని వాటి మీద వదిలేయమని నేను చెప్పను.

అసలు డేటాబేస్‌లో ఈ పని ఎలా జరుగుతుందో చూడండి. ‘బుకింగులు’ అనే టేబుల్‌లో వస్తువు, తేదీ అని రెండు కాలమ్‌లు పెట్టి, ఆ రెంటి మీదా కలిపి ఒక యూనిక్ ఇండెక్స్ పెడతారు. అంటే పెద్ద జనరేటర్‌కు ఒక తేదీ ఒక్కసారే రాయడానికి వీలుంటుంది. రెండు రోజుల కిరాయి అయితే రోజుకో వరుస. రెండోవాళ్లు ఎంత వేగంగా బటన్ నొక్కినా డేటాబేస్ ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. ఒక్క లైను పని ఇది. మీ తమ్ముడి కొడుకును అడిగితే అరగంటలో చేసి చూపిస్తాడు.

కుర్చీలకు ఇది పనికిరాదు, వాటి బుకింగులకు వేరే టేబుల్ పెట్టాలి. జనరేటర్ ఉందా లేదా అన్నదే ప్రశ్న. కుర్చీలైతే ఎన్ని మిగిలాయన్నది ప్రశ్న. 600 కుర్చీల్లో 400 ఒకరికి ఇచ్చాక ఇంకొకరు 300 అడిగితే, మిగిలినవి లెక్కపెట్టడం, కొత్త బుకింగ్ రాయడం ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి, మధ్యలో ఇంకెవరూ దూరకుండా. సూపాబేస్ లోపల ఉండే డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్‌లో అయితే ముందు ఆ కుర్చీల వరుసను లాక్ చేసి లెక్కపెట్టాలి. ట్రాన్సాక్షన్ అని పేరు పెట్టి లాక్ మరిచిపోతే మళ్లీ పాత కథే. పిల్లవాడు ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. రంగురంగుల డాష్‌బోర్డు తర్వాత చేసుకోవచ్చు.

ఇక సూపాబేసే కావాలా? సొంత సర్వర్‌లో పెట్టడం అంటే పదికి పైగా డాకర్ కంటైనర్లు (ఒక్కో భాగాన్ని విడిగా నడిపే పెట్టెల్లాంటివి) కలిసి నడవాలి. కనీసం 4 జీబీ ర్యామ్ కావాలి. నమూనా ఫైల్‌లో ఇచ్చిన పాస్‌వర్డులు, కీలు మార్చకుండా వదిలేస్తే అవి లోకమంతటికీ తెలిసినవే. బ్యాకప్ బాధ్యత పూర్తిగా మీదే. అబ్బాయికి క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోతే రాత్రి 11 గంటలకు ఆ కంటైనర్లను ఎవరు చూస్తారు? వాళ్ల క్లౌడ్‌లో ఉచిత ప్లాన్ తీసుకుందామంటే, వారం రోజులు వాడకం లేకపోతే ప్రాజెక్టును ఆపేస్తారు. ఆషాఢంలో మీ షాపు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

మీ సైజుకు నా ఓటు పాకెట్‌బేస్‌కు. అదీ సూపాబేస్ లాంటిదే, కాకపోతే ప్రోగ్రాం అంతా ఒకే ఫైల్. లోపల ఎస్‌క్యూలైట్ డేటాబేస్, లాగిన్లు, అడ్మిన్ పేజీ అన్నీ ఉంటాయి. 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న వీపీఎస్ (ఇంటర్నెట్‌లో కిరాయికి దొరికే సర్వర్) మీద నడుస్తుంది. డేటా అంతా ఒక్క ఫోల్డర్‌లో ఉంటుంది, రోజూ బ్యాకప్ తీసే సెట్టింగ్ అందులోనే ఉంది. ఎస్‌క్యూలైట్‌లో ఒకసారికి ఒక్కరే రాయగలరు. పెద్ద కంపెనీకి అది లోపం, రాసేది ముగ్గురే అయిన మీకు నిశ్చింత. కొత్త వెర్షన్‌కు మార్చేముందు మాత్రం ఏం మారిందో చదవమనండి, కొన్నిసార్లు పాత కోడ్‌ను సవరించాల్సి వస్తుంది. బ్యాకప్ కాపీ ఒకటి సర్వర్ బయట ఉండాలి. నెలకోసారి దాన్ని తెరిచి చూడాలి కూడా.

ఒక సీజన్ ఇలా నడిచాక అల్లుడిని పిలవండి, అప్పుడు ఆయన చేతికి పని ఉంటుంది. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే రేజర్‌పేలో అడ్వాన్స్ పడగానే రసీదు పంపడం, సామాను తిరిగి ఇవ్వాల్సిన రోజు ఉదయం గుర్తుచేయడం ఎన్8ఎన్ చక్కగా చేస్తుంది. ఆయనకు మూడు సంగతులు చెప్పండి. రేజర్‌పే సొమ్మును పైసల్లో పంపుతుంది, 5,000 రూపాయలు 500000గా వస్తాయి. ఒకే చెల్లింపు కబురు రెండుసార్లు కూడా రావచ్చు, కాబట్టి పేమెంట్ ఐడీ మీద కూడా డేటాబేస్‌లో యూనిక్ ఇండెక్స్ పెట్టుకోవాలి. లేదంటే ఒకే అడ్వాన్స్ రెండుసార్లు జమ అవుతుంది. ఇక సొంతంగా పెట్టుకున్న ఎన్8ఎన్‌లో టైమ్‌జోన్ మార్చకపోతే న్యూయార్క్ సమయమే ఉంటుంది. ఉదయం 7 గంటలకు పెట్టిన రిమైండర్ ఎండాకాలంలో మన సాయంత్రం 4.30కు వెళ్తుంది. అప్పటికి డీసీఎం వెళ్లి ఖాళీగా తిరిగొచ్చి ఉంటుంది.

వాట్సాప్‌కు దాని యజమాని మెటా ఇచ్చే అధికారిక ఏపీఐ (ప్రోగ్రాం ద్వారా మెసేజ్‌లు పంపే దారి) వాడండి. కస్టమర్ చివరి మెసేజ్ పెట్టి 24 గంటలు దాటితే ముందే ఆమోదం పొందిన టెంప్లేట్‌తోనే పంపాలి. కొంచెం తలనొప్పే. క్యూఆర్ స్కాన్ చేసి అడ్డదారిలో పంపే టూల్స్ చవకగా దొరుకుతాయి, కానీ నంబర్ బ్యాన్ అయితే ఇన్నేళ్లుగా ఊరందరి ఫోన్లలో ఉన్న మీ నంబర్ పోయినట్టే.

ప్రశ్న: నేను ఫ్రీలాన్సర్‌ని. ఎన్8ఎన్ ఉచితమే కదా, ఒక సర్వర్‌లో పెట్టి పది షాపులకు లాగిన్లు ఇచ్చి నెలకింత వసూలు చేయవచ్చా?
— కాకినాడ పాఠకుడు

జవాబు: కుదరదండి. దాని లైసెన్స్ ప్రకారం ఎవరి సంస్థ పనికి వాళ్లు వాడుకోవచ్చు. మీరు హోస్ట్ చేసి, దాన్ని వాడుకోనిచ్చినందుకు డబ్బు తీసుకోవడం ఆ అనుమతిలోకి రాదు. షాపువాళ్ల సర్వర్‌లోనే పెట్టి, ఫ్లోలు కట్టి, మీ పనికి ఫీజు తీసుకోండి, అభ్యంతరం లేదు. పాకెట్‌బేస్‌ది వ్యాపారానికీ స్వేచ్ఛగా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్, అక్కడ ఈ గొడవే లేదు.

ప్రశ్న: వీపీఎస్ ఖర్చు ఎందుకు, షాపులో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఎన్8ఎన్ నడిపితే సరిపోదా?
— మందుల షాపు, తెనాలి

జవాబు: నేర్చుకోవడానికి భేషుగ్గా సరిపోతుంది. డబ్బుల కబుర్లు వచ్చే పనికి వద్దు. కరెంటు పోయినప్పుడు వచ్చిన వెబ్‌హుక్‌ను (డబ్బు పడిందని దానంతటదే వచ్చే కబురు) రేజర్‌పే మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది, 24 గంటలు వరుసగా అందకపోతే ఆ వెబ్‌హుక్‌నే ఆపేస్తుంది. ఆదివారం షాపు మూసి సోమవారం కాస్త ఆలస్యంగా తెరిచినా చాలు, ఆ గడువు దాటిపోతుంది. మళ్లీ ఆన్ చేయాల్సింది మీరే. ల్యాప్‌టాప్ మార్చేటప్పుడు ఎన్8ఎన్ ఎన్‌క్రిప్షన్ కీని (దాచిన పాస్‌వర్డులను తెరిచే తాళంచెవి) కూడా కాపీ చేసుకోండి. అది లేకపోతే ఫ్లోలు కనిపిస్తాయి గానీ, దాచిన పాస్‌వర్డులు ఒక్కటీ తెరుచుకోవు.