ఆఫ్రికాలో సేవకు వెళ్తానంటున్న నర్సింగ్ విద్యార్థిని: పంపేముందు చూసుకోవలసినవి

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. మా అమ్మాయి ఈ ఏడాది బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేస్తోంది. టాంజానియాలోని ఒక ఆసుపత్రిలో మూడు నెలలు సేవ చేసే అవకాశం ఉందని ఒక ఏజెంటు చెప్పడంతో వెళ్తానని పట్టుబడుతోంది. ఫీజు, ప్రయాణం, బస అన్నీ మేమే కట్టుకోవాలట. పంపవచ్చా? ఏమేం సిద్ధం చేసుకోవాలి?

జవాబు: మీ అమ్మాయి కోరిక మంచిది, దాన్ని చంపకండి. అయితే ఈ ఏజెంటు ద్వారా మాత్రం పంపవద్దని, రెండేళ్లు ఇక్కడ పనిచేసి చేయి తిరిగిన తర్వాత మంచి సంస్థ ద్వారా పంపమని నా సలహా.

నర్సుల అవసరం నిజంగా ఉన్న పెద్ద సంస్థలు వచ్చేవారి దగ్గర ఫీజు వసూలు చేయవు. యూఎన్‌వీ అని పిలిచే ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం తన అంతర్జాతీయ వాలంటీర్లకు నెలవారీ జీవనభృతి, ప్రయాణ ఖర్చులు, బీమా సమకూరుస్తుంది. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే అంతర్జాతీయ వైద్య సేవా సంస్థ జీతమే ఇస్తుంది. కాకపోతే నర్సులకు సాధారణంగా కనీసం రెండేళ్ల అనుభవం ఉండాలంటుంది. ఆ షరతు రోగుల క్షేమం కోసమే. ఇక్కడ సీనియర్ నర్సు పక్కన లేనిదే చేయనివ్వని పనిని, అక్కడ మొదటి వారంలోనే స్వయంగా చేయిస్తామని ఎవరైనా ఆశ చూపితే, దానివల్ల నష్టపోయేది ఆ మంచం మీద ఉన్న మనిషేనని మీ అమ్మాయికి విడమరచి చెప్పండి. ఆమె అర్థం చేసుకుంటుంది.

ఏజెంటును ఒక్క విషయం లిఖితపూర్వకంగా అడగండి: ఏ అనుమతి మీద పనిచేయిస్తారు? టూరిస్టు వీసా మీద టాంజానియాలో స్వచ్ఛంద సేవ చేయడం కుదరదు, దానికి క్లాస్ సి నివాస అనుమతి కావాలి. రోగులకు నర్సుగా సేవలందించాలంటే అక్కడి నర్సింగ్, మిడ్‌వైఫరీ కౌన్సిల్లో నమోదు కూడా ఉండాలి. వీటికి సూటిగా సమాధానం రాకపోతే ఒక్క రూపాయి కూడా కట్టవద్దు.

ఇక ఆ రెండేళ్ల అనుభవం కోసం మీరు దూరం వెళ్లనక్కరలేదు. ప్రకాశ్ ఆమ్టే, మందాకినీ ఆమ్టే దంపతులు 1973 నుంచి ఆదివాసులకు వైద్య సేవలందిస్తున్న హేమల్‌కస మీ జిల్లాలోనే, భామ్రాగఢ్ తాలూకాలో ఉంది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ 1986లో స్థాపించిన 'సెర్చ్' ఆరోగ్య సంస్థ కూడా మీ జిల్లాదే. నవజాత శిశువులను ఇంటి దగ్గరే కాపాడేలా వారు గ్రామ మహిళలకు శిక్షణ ఇచ్చారు. దానివల్ల నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రచురించిన వారి పరిశోధన చూపింది. రెండు నెలలు నిండని బిడ్డ పొట్ట కదలికను గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టి, శ్వాస 60 గానీ అంతకు మించి గానీ ఉంటే ప్రమాదమని గుర్తించి వెంటనే ఆసుపత్రికి పంపడం చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ కరెంటు లేని ఇంట్లో, ఏడుస్తున్న బిడ్డను ఊరుకోబెట్టి, కంగారు పడుతున్న తల్లికి ధైర్యం చెబుతూ ఆ లెక్క తప్పు పోకుండా పెట్టగలగడం సాధనతోనే వస్తుంది. టాంజానియా పల్లెలో ఆమెకు అక్కరకొచ్చేది ఈ సాధనే. ఈ సంస్థల్లోనో, గడ్చిరోలి ప్రభుత్వ ఆసుపత్రి ప్రసూతి వార్డులోనో అవకాశం కోసం ప్రయత్నించమనండి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, వార్డులో మాడియా గోండు భాష మాట్లాడేవారితో మెలగవలసిన మీ ప్రాంతపు పిల్లకు టాంజానియా వాడుక భాష అయిన స్వాహిలి కొరకరాని కొయ్య కాదు. రోజూ ఓ అరగంట కేటాయిస్తే వెళ్లేనాటికి పలకరింపులు, నొప్పి ఎక్కడుందో అడిగే మాటలు వచ్చేస్తాయి.

కాగితాల విషయంలో మీ సరిహద్దు కుటుంబాలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంటుంది. మహారాష్ట్ర పదో తరగతి మార్కుల పత్రంలో ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు వరుసగా ఉంటాయి. మన తెలుగువారి అలవాటు ప్రకారం ఆధార్‌లోనో బ్యాంకు ఖాతాలోనో ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించి ఉండవచ్చు. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయకముందే అన్నిటినీ ఒకే తీరుకు తెచ్చుకోండి, లేకుంటే ఆ తర్వాత ప్రతి కార్యాలయంలోనూ సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. మీ జిల్లా నాగపూర్ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలోకి వస్తుంది. పరీక్షా ఫలితాలు రాగానే మహారాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో నమోదు చేయించడం మరవకండి.

ప్రయాణం ఖాయమయ్యాక, దోమకాటుతో వచ్చే ఎల్లో ఫీవర్‌కు టీకా సంగతి చూడాలి. కెన్యా, ఉగాండా, ఇథియోపియా వంటి దేశాల నుంచి ఆ టీకా ధ్రువపత్రం లేకుండా వచ్చేవారిని మన విమానాశ్రయాల్లో క్వారంటైన్‌లో ఉంచే నిబంధన ఉంది. కెన్యాలోని నైరోబీలోనో ఇథియోపియాలోని అడిస్ అబాబాలోనో విమానం మారవలసి రావచ్చు కాబట్టి వేయించుకోవడమే క్షేమం. టీకా వేయించుకున్న 10 రోజులకు గానీ ధ్రువపత్రం చెల్లుబాటులోకి రాదు, అటుపై జీవితాంతం చెల్లుతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వాటిలో ఒకటి. గుడ్డు తింటే తీవ్రమైన అలర్జీ వచ్చేవారు ముందే డాక్టరుకు చెప్పాలి.

మలేరియా మాకు కొత్తేమీ కాదని మీ జిల్లావాళ్లు అనుకోవడం సహజమే గానీ, చిన్నప్పుడు వచ్చి తగ్గిన జ్వరం పెద్దయ్యాక రక్షణ ఇస్తుందని నమ్మకూడదు. డాక్టరు సలహాతో ముందస్తు మాత్రలు వాడాలి. డాక్సీసైక్లిన్ అయితే బయల్దేరే ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, ఆ ప్రాంతం విడిచాక కూడా 4 వారాలు రోజూ వేసుకోవాలి. ఇంటికి చేరిన కొన్ని నెలల తర్వాత జ్వరం వచ్చినా సరే, మీ అమ్మాయి ఏ దేశం నుంచి వచ్చిందో డాక్టరుకు మొదటి మాటగా చెప్పి, అదే రోజు రక్తపరీక్ష చేయించండి.