పని ఒత్తిడితో మనసు నిజంగా దెబ్బతింటుందా, లేక మనకే తట్టుకునే శక్తి లేదా?

"పని ఒత్తిడి వల్ల నిజంగానే మానసిక ఆరోగ్యం దెబ్బతింటుందా, లేక కొందరు మనుషులే సున్నితంగా ఉంటారా? యోగా, ధ్యానం చేస్తే సరిపోతుందా?" అని అడిగారు. దెబ్బతింటుంది. యోగా ఒక్కటే సరిపోదు. నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

తిరుపతిలో ఒక ప్రైవేటు బ్యాంకు బ్రాంచిలో నాలుగేళ్లు చేశాను. పేరుకు రిలేషన్‌షిప్ ఆఫీసర్, పని మాత్రం అకౌంట్లు తెరిపించడం, ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మడం. పొద్దున తొమ్మిదింటికి అందరినీ నిలబెట్టి "ఈరోజు నీ నంబరెంత?" అని అడిగేవాళ్లు. సాయంత్రం ఏడున్నరకు కాన్ఫరెన్స్ కాల్. చుట్టుపక్కల బ్రాంచిలన్నీ లైన్లో ఉండేవి. సున్నా చేసినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివేవాళ్లు. పేరు చదివాక ఎందుకు కాలేదో అందరూ వింటుండగా చెప్పాలి. ఏం చెప్పినా "సాకులొద్దు, రేపు ఎన్ని చేస్తావో చెప్పు" అనేవాళ్లు. మా సీనియర్ ఒకాయనకు నలభై ఐదేళ్లుంటాయి, ఇద్దరు ఆడపిల్లలు. ఆ కాల్ అయ్యాక బాత్రూంలోకి వెళ్లి చాలాసేపటికి ముఖం కడుక్కుని వచ్చేవాడు. మేమెవరమూ ఆయన వైపు చూసేవాళ్లం కాదు. ఆయన పరువు కోసమే చూసేవాళ్లం కాదు.

గంటల లెక్క చాలామంది చెబుతారు. అది అబద్ధమేమీ కాదు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35–40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువనీ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువనీ 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ప్రకటించాయి. మా గంటలు అరవై దాటేవి. అయినా నన్ను పడగొట్టింది గంటలు కాదు. మనకు తప్పని తెలిసిన పనిని, మనల్ని నమ్మిన మనుషుల మీద, రోజూ చేయాల్సి రావడం మనిషిని లోపల తినేస్తుంది. పెద్ద సిటీలో అయితే కస్టమర్ ఎవరో, మనం ఎవరో. ఇక్కడ అలా కాదు. పొద్దున పాలసీ అంటగట్టిన మనిషే సాయంత్రం కూరగాయల బండి దగ్గర "బాగుండావా అమ్మణ్ణీ" అని పలకరిస్తాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి, మా ఊళ్లో ఉద్యోగం చేసేవాళ్లకే అర్థమవుతుంది ఇది. పైనుంచి ఏ ఆఫీసర్ వచ్చినా దర్శనం పని బ్రాంచి వాళ్లదే. కుటుంబంతో రేణిగుంట ఎయిర్‌పోర్టులో దిగుతారు. బండి మాట్లాడాలి, కొండమీద రూమ్ చూడాలి, సిఫార్సు లెటర్ కోసం ఎవరి కాళ్లో పట్టుకోవాలి. దొరక్కపోతే మూడొందల టికెట్లయినా చూడు అంటారు. నెలకు రెండు మూడు సార్లు ఇదే పని. ఆ రెండు రోజులు మన టార్గెట్‌లోంచి ఎవరూ తీసెయ్యరు. లడ్డూలు పట్టుకుని కారెక్కిన ఆయనే సోమవారం కాల్‌లో మన పేరు చదువుతాడు. పైగా హైదరాబాద్‌లో ఉండే చుట్టాలేమో "స్వామి పాదాల దగ్గర ఉంటారు, మీకేం టెన్షన్లు" అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఏడుపొచ్చేది.

2023 మార్చి సంగతి చెబుతాను. ఆ ఏడాది బడ్జెట్‌లో, ఏప్రిల్ 1 నుంచి తీసుకునే పాలసీల్లో ఏడాది ప్రీమియం 5 లక్షలు దాటితే, గడువు తీరాక వచ్చే సొమ్ముకు పన్ను మినహాయింపు ఉండదన్నారు. దాంతో మార్చి 31 లోపల ఎంత అమ్మితే అంత అని పైవాళ్లు వెంటపడ్డారు. మా బ్రాంచిలో 5 లక్షలు కట్టేవాళ్లు ఎంతమంది? వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. టార్గెట్ మాత్రం అందరికీ వచ్చింది. అందుకని చిన్నచిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద పడ్డాం. ఏ డిపాజిట్ ఎప్పుడు మెచ్యూర్ అవుతుందో లిస్టు తీసి ఫోన్లు చేశాం.

ఆ లిస్టులో మా పక్కవీధి మామ ఉన్నాడు. బంధువు కాదు, చిన్నప్పటి నుంచీ మామా అనే పిలుస్తాను. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. రెండు లక్షల డిపాజిట్. దాన్ని ఏడాదికి రెండు లక్షల చొప్పున ఐదేళ్లు కట్టే పాలసీగా మార్చమన్నారు. రెండో ఏడు ఆయన ఎక్కడినుంచి తెస్తాడు? నాకు తెలుసు, మా మేనేజర్‌కూ తెలుసు. "ముందు లాగిన్ కానీ, తర్వాత సంగతి తర్వాత" అన్నారు. లాగిన్ అంటే పాలసీ దరఖాస్తు సిస్టమ్‌లోకి ఎక్కడం. శుక్రవారం సంతకాలు తీసుకున్నాను. ఓటీపీ ఒక్కటి మిగిలింది.

మర్నాడు మార్చి 25, నాలుగో శనివారం, సెలవు. ఉగాది అయి మూడు రోజులు. నాకు అప్పటికి రెండు నెలలుగా నిద్ర లేదు, తిన్నది ఒంటపట్టడం లేదు. నడిచి వస్తానని అమ్మ కొండకు మొక్కుకుంది. మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడతానని కూడా మొక్కుకుంది. తెల్లవారుజామునే అలిపిరి దగ్గర మొదలుపెట్టాం. మొత్తం 3,550 మెట్లు. అమ్మ వంగి పసుపు రాయడం, కుంకుమ బొట్టు పెట్టడం, ఇంకో మెట్టెక్కడం. నేను వెనకాల డబ్బాలు పట్టుకుని నడుస్తున్నాను. గాలిగోపురం చేరేసరికి ఎండ వచ్చేసింది.

అక్కడ ఫోన్ మోగింది. మేనేజర్. "ఆ డ్రైవర్ కేసు ఓటీపీ తీసుకో, పదకొండింటికి రిపోర్టు పంపాలి." అమ్మను దాటి రెండు మెట్లు పైకెక్కి, అక్కడే కూర్చుని మామకు ఫోన్ చేశాను.

"మామా, నీ ఫోన్‌కు ఒక నంబరొచ్చుంటుంది, చూసి చెప్పు."

"ఉండు అమ్మణ్ణీ, అద్దాలు ఏడబెట్టినానో." కాసేపటికి ఒక్కో అంకే చదవడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి, "ఇది మన డిపాజిట్టే కదమ్మా?" అన్నాడు.

"అవును మామా" అన్నాను.

రెండు మెట్ల కింద అమ్మ ఆగిపోయింది. చేతిలో పసుపు అలాగే ఉంది. "ఎవురే ఫోన్లో? పక్కవీధి మామేనా?" అంది. నేను తలూపాను. అమ్మ ఇంకేమీ అడగలేదు. మళ్లీ వంగి, నేను కూర్చున్న మెట్టుకు పసుపు రాయడానికి నన్ను కొంచెం జరగమంది.

లేవబోతే లేవలేకపోయాను. గుండె గొంతులోకి వచ్చినట్టయింది. చేతివేళ్లు తిమ్మిరెక్కాయి, ఊపిరి సగంలోనే ఆగిపోతోంది. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. అమ్మ రెండు చేతులతో నా ముఖం పట్టుకుంది. కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం మజ్జిగ ఇచ్చి, అరగంట మాతోనే కూర్చున్నారు. నా చెంపల మీద పసుపు అలాగే ఉండిపోయింది. మెల్లగా కొండెక్కాం. క్యూలో నిలబడ్డాం. స్వామి ముందు నిలబడ్డ ఆ రెండు క్షణాలు మాత్రం నాకు గుర్తు లేవు. ఎంత తలుచుకున్నా రావు. నా నుంచి ఆ ఉద్యోగం ఏం తీసుకుపోయిందని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే.

మర్నాడు ఒక ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, బాగానే ఉంది. అక్కడి డ్యూటీ డాక్టరమ్మ "ఇది పానిక్ అటాక్‌లా ఉంది, సైకియాట్రీలో చూపించుకోండి" అంది. నాన్న ఒప్పుకోలేదు. "పిచ్చి డాక్టర్ దగ్గరికా? పెళ్లి కావాల్సిన పిల్ల" అన్నాడు. అమ్మే రుయా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లింది. ఓపీ చీటీ రాయించుకుని, ఇద్దరం చున్నీలు తలమీద కప్పుకుని కూర్చున్నాం. లోపల డాక్టర్ నిద్ర గురించి, తిండి గురించి అడిగారు. ఏ టైముకు భయం ఎక్కువవుతోందని అడిగారు. సాయంత్రం ఏడు దాటాక అన్నాను. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగారు. ఎవరో ఒకరు ఆ మాట అడిగితే బాగుండునని అన్నాళ్లూ ఎదురుచూస్తున్నానని అప్పుడు తెలిసింది. మందులు రాశారు, కొన్ని నెలలు వాడాను. కానీ మామ విషయం రెండుసార్లు వెళ్లినా చెప్పలేకపోయాను. మూడోసారి చెప్పాను.

బర్నౌట్ అనే మాట చాలామంది వాడుతున్నారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బులనూ ఆరోగ్య సమస్యలనూ వర్గీకరించే తన ఐసీడీ-11 జాబితాలో రాసింది, కానీ జబ్బు అనలేదు. పనిచోట ఒత్తిడి ఎడతెగకుండా ఉండి, దాన్ని సరిగా సంభాళించనప్పుడు వచ్చే స్థితి అంది. మూడు లక్షణాలు చెప్పింది: శక్తి అడుగంటిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, పని సరిగా చేయలేకపోవడం. రెండోది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆఖరి ఏడాది బ్రాంచిలోకి మనిషి వస్తుంటే నాకు ముఖం కంటే ముందు ఆయన ఖాతాలో ఎంతుందో కనబడేది. నేనలాంటి మనిషిని కాదు.

అందుకే యోగా మాటెత్తితే నాకు కోపం. యోగా మంచిదే, మా అమ్మ రోజూ చేస్తుంది. మా బ్యాంకులో ఏం చేశారంటే, ఉద్యోగుల మానసిక ఆరోగ్యం కోసమని శనివారం పొద్దున ఆరింటికి ఆన్‌లైన్‌లో ధ్యానం క్లాసు పెట్టారు. అందరూ రావాలి, వచ్చినట్టు గ్రూపులో ఫొటో పెట్టాలి. రానివాళ్ల పేర్లు సాయంత్రం కాల్‌లో చదివారు. పని చోట పుట్టిన దానికి మందు కూడా పని చోటే వెయ్యాలి. ఆ పేర్లు చదవడం ఒక్కటి ఆపేస్తే చాలు, సగంమంది ఆ రాత్రే నిద్రపోతారు. ఈ మాట ఎవరితోనైనా పందెం కాసి చెబుతాను.

మామ సంగతి అడుగుతారేమో. పాలసీ కాగితాలు చేతికి అందిన 15 రోజుల్లోపు వద్దని రాసిస్తే డబ్బు వెనక్కి ఇవ్వాలన్నది అప్పటి రూలు, ఇప్పుడు దాన్ని 30 రోజులు చేశారు. కాగితాలు రాగానే వాళ్లింటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్లి పెన్ను తెచ్చి, "ఏం రాయాలో చెప్పు" అన్నాడు. స్టాంపు ఖర్చులూ అవీ పోగా మిగిలింది వచ్చింది. నా పేరు కాల్‌లో చదివారు, ఈసారి సున్నా కంటే కిందకు. జూన్‌లో రాజీనామా చేశాను. రిలీవింగ్ లెటర్ కోసం నాలుగు నెలలు తిప్పారు.

ఉద్యోగం మానేయమని అందరికీ చెప్పను. అప్పులుంటాయి, పిల్లల ఫీజులుంటాయి. మా సీనియర్ ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఆయనకు నేను 14416 నంబరిచ్చాను. అది టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఒక రాత్రి మేడమీదికెక్కి ఫోన్ చేశానని తర్వాత చెప్పాడు. అంతకుమించి నేనూ అడగలేదు. మీకు కూడా నిద్ర పట్టక రెండు వారాలు దాటితే ఇంకా చూద్దాంలే అనుకోకండి. ఇంట్లోవాళ్లకు చెప్పలేకపోతే ఆ నంబరుకైనా చేయండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం ఒక మనిషిని తోడు తీసుకెళ్లండి, లోపల చెప్పింది సగం మనకు గుర్తుండదు.

నేనిప్పుడు చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తున్నాను. జీతం తక్కువ. సీజన్‌లో తోతాపురి లోడ్లు గేటు బయట రోడ్డు పొడవునా నిలబడతాయి, పన్నెండు గంటలు కూడా పనిచేస్తాం. రైతులు రేటు గురించి అరుస్తారు, వాళ్ల బాధ వాళ్లది. తూకం ఎంతొస్తే అంతే రాస్తాను. రూముకొచ్చి సంగటి తిని పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాదు. గంటల గురించి నేను అన్నది ఇందుకే.

పూర్తిగా తగ్గిపోయిందని మాత్రం చెప్పను. ఆ మేనేజర్‌కు నేను పెట్టుకున్న రింగ్‌టోన్ ఫోన్‌తో పాటు వచ్చే మామూలుదే, చాలామందికి ఉంటుంది. పోయిన నెల తిరుపతి వచ్చే బస్సులో పాకాల దాటాక వెనక సీట్లో ఎవరిదో మోగింది. నా చెయ్యి బ్యాగులోకి వెళ్లిపోయింది, ఫోన్ తీసి చెవిదాకా పెట్టుకున్నాను కూడా.