పాప చేతికి షుగర్ సెన్సర్ పెట్టించవచ్చా?

ప్రశ్న: మా పాపకు అయిదేళ్లు. ఎనిమిది నెలల క్రితం టైప్-1 డయాబెటిస్ అని తేలింది. రోజుకు ఆరేడుసార్లు వేలు గుచ్చి షుగర్ చూస్తున్నాం. గ్లూకోమీటర్ తీయగానే చేతులు వెనక్కి దాచుకుంటోంది. రాత్రి షుగర్ పడిపోతుందేమోనన్న టెన్షన్‌తో నాకు నిద్ర ఉండటం లేదు. సెన్సర్ పెట్టించవచ్చా?
- ఓ తల్లి, ఖమ్మం

డాక్టర్ సలహా: పెట్టించవచ్చమ్మా. కాకపోతే ఖర్చు ఎక్కువ, రెండు వారాలకోసారి మార్చాల్సిన రకాలకు ఏటా ఇరవయ్యారు సెన్సర్ల దాకా కావాలి. అంత స్తోమత లేకపోతే బాధపడకండి. ఇన్సులిన్ డోసు మారుస్తున్నప్పుడు, డాక్టర్‌ను కలవడానికి రెండు వారాల ముందు ఒక్కటి పెట్టించినా చాలా విషయాలు తెలుస్తాయి.

ఈ సెన్సర్ రక్తంలోని షుగర్‌ను నేరుగా కొలవదు. చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో చూస్తుంది. అందుకే అయిదు, పది నిమిషాలు వెనకబడి ఉంటుంది. కాబట్టి అంకెతో పాటు పక్కనున్న బాణాన్ని చూడండి. పడుకునే ముందు 90 ఉండి బాణం అడ్డంగా ఉంటే షుగర్ నిలకడగా ఉన్నట్టు. అదే 90 దగ్గర బాణం కిందికి ఉంటే షుగర్ పడిపోతున్నట్టు, ఆలస్యం చేయకుండా ఏదైనా తినిపించాలి. వేలు గుచ్చితే ఈ తేడా తెలియదు.

కొనేముందు రెండు విషయాలు అడగండి: పాప వయసుకు అనుమతి ఉందా, షుగర్ తగ్గితే దానంతటదే అలారం మోగుతుందా? ఫోన్ దగ్గర పెడితేనే అంకె చూపించే రకాలూ ఉన్నాయి. వాటితో మీ నిద్ర సమస్య తీరదు.

పాప సెన్సర్ ఉన్న చేతి మీదే ఒత్తిగిలి పడుకుంటే షుగర్ తగ్గకపోయినా తగ్గినట్టు చూపిస్తుంది. అలారం మోగితే పక్కకు తిప్పి, వెంటనే వేలు గుచ్చి చూడండి. నిజంగానే 70 కంటే తక్కువుంటే, 18 కిలోల పాపకు 5-6 గ్రాముల గ్లూకోజ్ పొడి, అంటే సుమారు ఒక టీస్పూను నీళ్లలో కలిపి పట్టండి. పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

భోజనం తర్వాత అంకె పెరిగిందని వెంటనే ఇంకో డోసు ఇన్సులిన్ ఇవ్వొద్దు. ముందు ఇచ్చింది ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. సెన్సర్ కొత్తగా పెట్టిన తల్లిదండ్రులు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. రోజులో 70 శాతం సమయం 70-180 మధ్య ఉంటే బాగున్నట్టే.

వేలు గుచ్చడం చాలావరకు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. సెన్సర్ పెట్టిన మొదటి రోజు, అంకెకూ పాప తీరుకూ పొంతన కుదరనప్పుడు గ్లూకోమీటర్‌నే నమ్మండి. పెట్టించే రోజు ఆమె బొమ్మ చేతికీ ఒక గుండ్రటి స్టిక్కర్ అతికించండి, భయం కొంత తగ్గుతుంది.