విండోస్‌తో విసిగిపోయాను, కేసు వేయొచ్చా?

ప్రశ్న: నేను సొంతంగా పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుంటూ బతుకుతున్నాను. సాయానికి ఒక కుర్రాడున్నాడు. ఎక్స్‌పీ రోజుల నుంచీ విండోస్ వాడుతున్నాను, రిజిస్ట్రీ దాకా చేయి పెట్టగలను. కిందటేడు దసరాకి విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్ కొన్నాను. మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఇస్తేగానీ ముందుకు పోనివ్వలేదు. స్టార్ట్ మెనూలో యాడ్స్. రాత్రి రెండర్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియో ఫైలుగా మార్చే పని) పెట్టి పడుకుంటే అప్‌డేట్ కోసం దానంతట అదే రీస్టార్ట్ అయింది. టైముకి వీడియో ఇవ్వలేక పార్టీకి అడ్వాన్స్ తిరిగిచ్చాను. విండోస్ నాకొద్దు, దాని డబ్బు ఇచ్చేయండి అంటే ల్యాప్‌టాప్ కంపెనీ కుదరదంది. పాత డెస్క్‌టాప్‌కేమో 11 ఎక్కదు, 10కి సపోర్ట్ ఆపేశారు. బిల్లులో ‘విండోస్ 11 ప్రో’ అని ఉంటే సెట్టింగ్స్‌లో ‘హోమ్’ అని చూపిస్తోంది, అదొకటి. కేసు వేయొచ్చా? సిస్టమ్ 11కి సరిపోతుందా అని చూసే చెకింగ్ దాటించి పాత సిస్టమ్‌లో 11 ఎక్కిస్తే నేరమా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ కోపం న్యాయమైనదే. డబ్బు పెట్టి కొనుక్కున్న సిస్టమ్ ఎప్పుడు ఆగాలో, తెర మీద ఏం కనపడాలో ఇంకెవరో నిర్ణయిస్తుంటే దాని మీద బతికేవాళ్లకు ఒళ్లు మండుతుంది. అయితే మీరు రాసినవాటిలో గట్టిగా నిలబడే కేసు ఒక్కటే. ‘అదొకటి’ అని ఒక్క ముక్కలో తేల్చేసిన ప్రో (ఎక్కువ ధర ఎడిషన్), హోమ్ (మామూలు ఎడిషన్) సంగతే అది.

బిల్లులో ఒకటి రాసి చేతికి ఇంకొకటి ఇవ్వడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార విధానం. దీన్ని రుజువు చేయడానికి టెక్నికల్ వాదనలు అక్కర్లేదు, బిల్లూ స్క్రీన్‌షాటూ పక్కపక్కన పెడితే చాలు. మీ రెండర్ నష్టాన్ని కూడా దీనికే ముడిపెట్టొచ్చు. హోమ్‌లో సిస్టమ్ ఎలా నడవాలో నియమాలు పెట్టుకునే గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉండదని మీకు తెలుసు. ప్రో ఇచ్చి ఉంటే, లాగిన్ అయి ఉండగా రీస్టార్ట్ చేయొద్దని పాలసీ పెట్టుకునే వీలు మీకుండేది. డబ్బు కట్టించుకుని ఆ వీలు లేకుండా చేశారు కాబట్టి నష్టానికి బాధ్యత వాళ్లదని వాదించాలి.

రీస్టార్ట్ ఒక్కదాని మీదే మైక్రోసాఫ్ట్‌పై కేసు వేస్తే మాత్రం కష్టం. అప్‌డేట్లు వాటంతట అవే దిగుతాయని, వేరే నోటీసు ఉండదని లైసెన్సు ఒప్పందంలో రాసి ఉంది. నష్టపరిహారం కూడా సాఫ్ట్‌వేర్‌కు కట్టిన ధర దాటదని రాసుకున్నారు. ఏకపక్షంగా రాసిన షరతులకు కొనుగోలుదారు కట్టుబడక్కర్లేదని 2019లో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ అది ఫ్లాట్ల కేసు. పైగా ఒప్పందమే అనుచితమని సవాలు చేయాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఆ అధికారం లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. కాలిఫోర్నియాలో అడగకుండానే విండోస్ 10 ఎక్కి సిస్టమ్ పాడైందని ఒక ట్రావెల్ ఏజెంట్ వేసిన కేసులో 10,000 డాలర్లు వచ్చిన మాట నిజమే. 2016 నాటి ఆ చిన్న కేసుల కోర్టు తీర్పు ఇక్కడ చెల్లుబాటు కాదు. అందుకే మీరు దుకాణాన్నీ ల్యాప్‌టాప్ కంపెనీనీ మాత్రమే ప్రతివాదులుగా పెట్టండి.

వాళ్లు మొదట లేవనెత్తేది ‘ఈయన వ్యాపారానికి కొన్నాడు, వినియోగదారుడే కాదు’ అన్న అభ్యంతరం. భయపడకండి. స్వయం ఉపాధి కోసం కొన్నవాళ్లు సెక్షన్ 2(7) ప్రకారం వినియోగదారులే. ఒకరిద్దరు సహాయకులున్నా ఆ హోదా పోదని 1995లోనే లక్ష్మీ ఇంజినీరింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ‘సాఫ్ట్‌వేర్ సరుకు కాదు, లైసెన్సే’ అని కూడా అనొచ్చు. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకే అన్న 2004 నాటి టీసీఎస్ తీర్పు చూపించండి. అది మన ఆంధ్రప్రదేశ్ అమ్మకం పన్ను మీద నడిచిన కేసే. పన్ను చట్టం కింద వచ్చినా అందులోని తర్కం మీకు పనికొస్తుంది.

సాక్ష్యం ఈరోజే భద్రం చేసుకోండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ పేజీలో ఎడిషన్ పేరు, సీరియల్ నంబరు కనపడేలా తీసిన ఫోటోలు ఉండాలి. సిస్టమ్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి 1074 నంబరు ఎంట్రీ వెతకండి. ఏ ప్రోగ్రామ్ రీస్టార్ట్ చేయించిందో, ఎన్ని గంటలకో అందులో ఉంటుంది. పాత లాగ్ చెరిగిపోతుంటుంది కాబట్టి వెంటనే ఎక్స్‌పోర్ట్ చేసి, భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయండి. పార్టీతో నడిచిన వాట్సాప్ మెసేజీలు, అడ్వాన్స్ తిరిగిచ్చిన బ్యాంకు ఎంట్రీ కూడా కావాలి. ఇవి లేకుండా ‘మానసిక వేదన’ అని పెద్ద మొత్తం రాస్తే కమిషన్ పట్టించుకోదు.

ముందు రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజులు గడువివ్వండి. ప్రో లైసెన్సు ఇవ్వాలి, లేదా ధరలో తేడాతో పాటు నష్టం కట్టాలి అని అడగండి. స్పందించకపోతే విజయవాడలోనే జిల్లా కమిషన్‌లో వేయొచ్చు, అమ్మినవాళ్ల ఊరు వెళ్లక్కర్లేదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌గానూ వేయొచ్చు. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. కాలపరిమితి రెండేళ్లు. కొన్న తేదీ నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం.

విండోస్ డబ్బు వాపసు సంగతి ఇక వదిలేయండి. మీరు ఒప్పందాన్ని అంగీకరించి నెలల తరబడి వాడారు. అంగీకరించనివాళ్లు కూడా తయారీదారు వాపసు విధానానికి లోబడాలని, మొత్తం ల్యాప్‌టాప్ తిరిగివ్వాల్సి రావచ్చని అందులోనే ఉంది. ఇటలీలో మోంజా కోర్టు ఇలాంటి వాపసుకు అడ్డుపడిన కంపెనీతో ఒక వినియోగదారుడికి 20,000 యూరోలు కట్టించింది. అయితే ఆయన మొదటి నుంచీ విండోస్ ఒప్పందాన్ని తిరస్కరించాడు.

అకౌంట్ బలవంతం మీద నాకూ గట్టి అభిప్రాయమే ఉంది. కొన్న వస్తువు వాడుకోవడానికి సంబంధం లేని సేవలో చేరమనడం, వ్యక్తిగత వివరాలు అడగడం 2023 డార్క్ ప్యాటర్న్స్ (వినియోగదారుణ్ని తప్పుదారి పట్టించే డిజైన్లు) మార్గదర్శకాల్లోని ‘ఫోర్స్‌డ్ యాక్షన్’ (బలవంతంగా చేయించడం) కిందికి వస్తుందని నా వాదన. పదే పదే వచ్చే ప్రకటనలకు ‘నాగింగ్’ (పదే పదే విసిగించడం) వర్తిస్తుంది. దీని మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి, జిల్లా కలెక్టర్ ద్వారా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు రాతపూర్వకంగానూ ఇవ్వొచ్చు. మీకు పరిహారం రాదు గానీ, ఇలాంటి ఫిర్యాదులు పోగుపడితేనే ఆ సంస్థ కదులుతుంది.

పాత డెస్క్‌టాప్ విషయంలో కేసు బలహీనం. 2015లో వచ్చిన విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగుతుందని ఏళ్ల ముందే ప్రకటించారు. భద్రతా అప్‌డేట్లు మరో ఏడాది, 2026 అక్టోబరు 13 దాకా తీసుకునే పథకం ఉంది. సెట్టింగ్స్ బ్యాకప్ చేస్తే ఉచితం, లేదంటే 30 డాలర్లు. వినియోగదారుల సంఘం పట్టుబట్టాక ఐరోపావాళ్లకు ఆ బ్యాకప్ షరతు కూడా తీసేశారు. మన సంఘాలూ అడగాలి.

చెకింగ్ దాటించి మీ సొంత సిస్టమ్‌లో 11 ఎక్కించుకోవడం నేరం కాదు. ఐటీ చట్టం సెక్షన్ 43 యజమాని అనుమతి లేకుండా చేసే పనులకు సంబంధించింది, యజమాని మీరే. కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు కాబట్టి సాంకేతిక రక్షణలను దాటడాన్ని శిక్షించే కాపీరైట్ చట్టం సెక్షన్ 65ఎ కూడా తగలదు. అప్‌డేట్లు రాకపోతే మాత్రం ఎవరినీ అడగలేరు. క్రాక్ చేసిన (లైసెన్సు లేకుండా నడిచేలా మార్చిన) కాపీ జోలికి వెళ్లకండి. తెలిసి వాడితే కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. మీరు వృత్తికి వాడుతున్నారు కనుక సొంత వాడకానికి ఉన్న సడలింపు కూడా దక్కదు. ప్రో కావాలని కొత్త ల్యాప్‌టాప్‌ను క్రాక్ టూల్‌తో మార్చేస్తే, హోమ్ ఇచ్చారన్న మీ సాక్ష్యమూ దాంతోపాటే పోతుంది.