డిస్పోజబుల్ వేప్ పెన్ కొనేముందు: డబ్బా కాదు, రిపోర్టు చదువు

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. కాలిఫోర్నియాలో డిస్పోజబుల్ గంజాయి వేప్ పెన్ (గంజాయి నూనెని వేడిచేసి ఆవిరి పీల్చే, వాడి పారేసే పరికరం) కొనాలనుకుంటున్నానని, మంచి బ్రాండేదో చెప్పమని అడిగావు. బ్రాండు పేరు చెప్పను. ఒకే కంపెనీ సరుకులో ఒక బ్యాచ్ శుభ్రంగా ఉంటుంది, ఇంకోటి రీకాల్‌లో వెనక్కి పోతుంది. బ్యాచ్‌ని చూడటం వచ్చాక బ్రాండుతో పెద్దగా పనుండదు.

అసలు సంగతికి ముందు ఒక మాట. నీకు 21 దాటాయి, సిటిజన్‌వి, రాష్ట్ర చట్టం నీకు అడ్డురాదు. నీ రూమ్మేట్ హెచ్1బీ మీద ఉన్నాడు కదా, అతను దీని జోలికి రాకూడదు. ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీద, అక్కడ ఇది ఇంకా నేరమే. రాష్ట్రంలో చెల్లినా సరే, గంజాయి వ్యవహారం పౌరసత్వ దరఖాస్తులో సత్ప్రవర్తనకు అడ్డం రావచ్చని అమెరికా పౌరసత్వ, ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో రాతపూర్వకంగానే చెప్పింది. కాన్సులేట్‌లో "ఎప్పుడైనా వాడావా" అని అడిగినప్పుడు అవునంటే, కేసేమీ లేకపోయినా వీసా చిక్కుల్లో పడొచ్చు. సరదాకైనా నీ పెన్ను అతని చేతికివ్వకు.

ఇక దుకాణం. లైసెన్సులిచ్చేది డిపార్ట్‌మెంట్ ఆఫ్ క్యాన్నబిస్ కంట్రోల్, అందరూ డీసీసీ అంటారు. వాళ్ల సైటులో లైసెన్స్ సెర్చ్ ఉంటుంది. దుకాణాల నంబరు సీ10తో, ఇంటికి తెచ్చిచ్చే డెలివరీ వాళ్లది సీ9తో మొదలవుతుంది. పేరు, అడ్రసు రెండూ కలవాలి. పేరు దొరికి అడ్రసు కలవకపోతే అక్కడ కొనకు. ఐడీ అడగని చోటు, బిల్లులో ఎక్సైజ్ పన్ను కనపడని చోటు, పన్నులేవీ లేకుండా సగం ధర చెప్పే చోటు సాధారణంగా లైసెన్సు ఉన్నవి కావు. క్రెడిట్ కార్డు పనిచేయలేదని కంగారుపడకు, చట్టబద్ధమైన చోటే అలా ఉంటుంది. నగదో డెబిట్ కార్డో పట్టుకెళ్లు. స్మోక్ షాపుల్లో, గ్యాస్ స్టేషన్లలో హెంప్ (మత్తు తక్కువున్న గంజాయి మొక్క రకం) అనీ డెల్టా-8 (హెంప్ నుంచి చేసే మత్తు పదార్థం) అనీ అమ్మేవి వేరే జాతి. వాటికి ల్యాబ్ పరీక్షల గొడవ లేదు, వాటి దగ్గర ఆగకు.

పెట్టె మీద, పెన్ను మీద కూడా రాష్ట్రం గుర్తు ఉండాలి: త్రికోణంలో గంజాయి ఆకు, పక్కన ఆశ్చర్యార్థకం, కింద సీఏ అనే అక్షరాలు. ఇది అవసరమే కానీ ఇదొక్కటీ చాలదు. పేరున్న బ్రాండ్ల ఖాళీ పెట్టెలు, స్టిక్కర్లతో సహా, టోకున దొరుకుతాయి. పెట్టె అందాన్ని చూసి మోసపోయేవాళ్లే ఎక్కువ.

అందుకే ల్యాబ్ పరీక్ష రిపోర్టు. సీఓఏ (సర్టిఫికేట్ ఆఫ్ అనాలిసిస్) అంటారు, కౌంటర్‌లో అడిగితే చూపిస్తారు. పెట్టె మీది క్యూఆర్ కోడ్ కొట్టి తెరుచుకున్న పేజీని అలాగే నమ్మకు. కోడ్ ఎవరైనా అచ్చు వేయొచ్చు, అది నకిలీ సైటుకి తీసుకెళ్లొచ్చు. ల్యాబ్ పేరు చూసుకుని, ఆ ల్యాబ్ సైటు అడ్రసు నువ్వే టైపు చేసి రిపోర్టు నంబరుతో వెతుకు. తరవాత రిపోర్టులోని బ్యాచ్ నంబరు, పెట్టె మీది బ్యాచ్ నంబరు అక్షరం అక్షరం కలిశాయేమో చూడు. ఒక్క అంకె తేడా ఉన్నా ఆ రిపోర్టు ఆ పెన్నుది కాదు.

పైన పెద్దగా "పాస్" అని ఉంటుంది. అక్కడ ఆగిపోకుండా కిందికి దిగు. పురుగుమందుల పట్టికలో 66 పేర్లుండాలి, ఎక్కువ భాగం ఎన్‌డీ అని ఉండాలి, అంటే దొరకలేదని. ద్రావకాల (నూనె తీయడానికి వాడే రసాయనాల) పట్టికలో బ్యూటేన్, ఇథనాల్ లాంటివి ఉంటాయి. భార లోహాలు నాలుగు: పీల్చే సరుకులో గ్రాముకి సీసం 0.5 మైక్రోగ్రాములు, కాడ్మియం 0.2, ఆర్సెనిక్ 0.2, పాదరసం 0.1 దాటకూడదు. సీసం 0.45 వచ్చినా పాసే. నన్నడిగితే అలాంటిది వదిలెయ్. ఎందుకంటే పెన్నులోని లోహపు భాగాల నుంచి నూనెలోకి లోహాలు రోజులు గడిచేకొద్దీ దిగుతాయి. పరీక్ష నాడు హద్దు అంచున ఉన్నది దుకాణం షెల్ఫు మీద ఏడాది పడి ఉంటే ఎక్కడికి పోతుందో ఊహించుకో. అందుకే తారీకు చూడు, ఆరు నెలలు దాటిన పరీక్షైతే కొత్త బ్యాచ్ అడుగు. బూజుల వరసలో ఆస్పర్‌జిల్లస్ జాతులు నాలుగు, ఒక గ్రాములో అస్సలు ఉండకూడదు.

ఇంతా చూసినా పూర్తి భరోసా లేదని కూడా తెలుసుకో. ల్యాబ్‌కి డబ్బు కట్టేది తయారీదారే, కాబట్టి తయారీదారుకి అనుకూలంగా అంకెలు ఇచ్చే ల్యాబ్ వైపు సరుకు మొగ్గుతుంది. 2024 జూన్‌లో లాస్ ఏంజెలిస్ టైమ్స్ లైసెన్సున్న దుకాణాల సరుకునే పరీక్షకి పంపిస్తే, కొన్ని వేప్‌లలో పురుగుమందులు బయటపడ్డాయి. అందులో పైమెట్రోజిన్ లాంటివి ఆ 66 పేర్ల జాబితాలోనే లేవు. డీసీసీ సైటులో రీకాల్ జాబితా ఉంటుంది, కొనేముందు బ్యాచ్ నంబరు అందులో ఉందేమో చూడు.

అలాగని రోడ్డు మీది సరుకూ ఇదీ ఒకటే అనుకోకు. 2019లో వేప్‌లు వాడి ఊపిరితిత్తులు దెబ్బతిని ఆస్పత్రుల పాలైనవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి 2020 ఫిబ్రవరి నాటికి అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్కలో 2,807 మంది, అందులో మృతులు 68. ఎక్కువమంది వాడింది అనధికారంగా దొరికిన టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) వేప్‌లే. పరీక్షించిన 51 మంది ఊపిరితిత్తుల ద్రవాల్లో 48 మందిలో విటమిన్ ఈ ఎసిటేట్ కనపడింది. నూనె పలచబడ్డా చిక్కగా కనిపించేందుకు కలిపింది అది. పెన్ను తిరగేసి గాలి బుడగ నెమ్మదిగా కదిలితే మంచి నూనె అనే పాత చిట్కా ఉందే, దాన్ని బోల్తా కొట్టించింది ఇదే. బుడగ పరీక్ష మరిచిపో.

నూనెల్లో తేడా క్లుప్తంగా: డిస్టిలేట్‌లో టీహెచ్‌సీ 80 నుంచి 90 శాతం, వాసన తరవాత కలుపుతారు, చవక. లైవ్ రెజిన్ కోసిన వెంటనే గడ్డకట్టించిన మొక్క నుంచి బ్యూటేన్ లాంటి ద్రావకంతో తీస్తారు. లైవ్ రోజిన్ ద్రావకం లేకుండా మంచునీళ్లు, వేడి, ఒత్తిడితో, అందుకే ఖరీదు. శాతం ఎక్కువైతే నాణ్యత ఎక్కువని కాదు. లెక్క మాత్రం చేసుకో: గ్రాముకి 850 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉన్న నూనె అర గ్రాము పెన్నులో ఉంటే మొత్తం 425. పెట్టె మీద 425 ఉండి రిపోర్టు లెక్క 370 వస్తే, చట్టం ఒప్పుకునే పది శాతం తేడా దాటినట్టు, అది కొనకు. మొదటిసారి అర గ్రాముదే తీసుకో. రెండు గ్రాములది చవకగా కనిపిస్తుంది గానీ, నూనె అయ్యేలోపు కాయిల్ (నూనెని వేడిచేసే తీగ) గానీ బ్యాటరీ గానీ చస్తుంది. ఛార్జింగ్ పోర్టు లేని పెన్నులో నూనె మిగిలిపోతే ఇక అంతే సంగతులు.

వాడేటప్పుడు రెండు సెకన్ల పీల్పు ఒక్కటి, తరవాత పావుగంట ఆగు. ఏం తెలియలేదని వరసగా నాలుగు లాగినవాళ్లకే గుండె దడ, వాంతులు. మద్యంతో కలపకు, ఆ రోజుకి కారు తాళాలు ముట్టకు. గుండె జబ్బున్నా, ఇంట్లో ఎవరికైనా భ్రమలు కలిగే మానసిక జబ్బు ఉన్నా అసలు వద్దు. పీల్పు బిగుసుకుపోతే దారిలో నూనె గడ్డకట్టినట్టు. గట్టిగా లాగితే ఆ నూనె నోట్లోకి వస్తుంది. ప్రీహీట్ (ముందుగా వెచ్చబెట్టే) బటన్ ఉంటే అది నొక్కు, లేదా అరచేతుల్లో కాసేపు వెచ్చబెట్టు. మాడు వాసన వస్తే కాయిల్ ఎండిపోయింది, ఆపేసి నిలువుగా పెట్టి నూనె కిందికి దిగనివ్వు. మళ్లీ మాడితే ఆ పెన్ను అయిపోయినట్టే. ఎండలో కారులో వదలకు.

నీ దగ్గర ఉంచుకోదగ్గది నూనె లెక్కలో 8 గ్రాముల వరకే. కారులో సీలుతో గానీ డిక్కీలో గానీ ఉండాలి. నెవాడాలోనూ చెల్లుతుంది కదా అని సరిహద్దు దాటించకు, రాష్ట్రం దాటితే ఫెడరల్ నేరం. యోసెమిటీ నేషనల్ పార్కు కూడా ఫెడరల్ భూమే. విమానం ఎక్కేటప్పుడు ఇంట్లో వదిలెయ్.

ఇంటికి పిల్లలు వస్తుంటారు కాబట్టి తాళం పెట్టు. పొరపాటున ఎవరైనా మింగితే పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222. ఖాళీ పెన్నుని చెత్తబుట్టలో వేయకు, లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, చెత్త లారీల్లో మంటలు లేస్తాయి. చట్టప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. మీ కౌంటీ వ్యర్థాల కేంద్రంలో ఇవ్వు, లేదా కొన్న దుకాణం వెనక్కి తీసుకుంటుందేమో అడుగు.

రిపోర్టులో అర్థంకాని వరస ఏదైనా ఉంటే ఫొటో తీసి పంపు.

మీ మామయ్య